పిల్లల మోషన్లు – ఇంటి పాఠాలు: 4. కాచిన నీళ్లలో ముంచిన గిలాస

పోయిన పాఠం చదివి నీళ్లు కాచారు, సంతోషం. అయినా పిల్లకు మళ్లీ మోషన్లు పట్టుకున్నాయని హన్మకొండ నుంచి ఒకామె, "మీ మాట విని గ్యాస్ దండగైంది" అని నర్సంపేట నుంచి ఇంకో అక్క ఫోన్ చేశారు. తప్పు నాదే. కాచాక ఏం చేయాలో చెప్పనే లేదు. అందుకని ఓఆర్‌ఎస్ (మోషన్లలో పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి ఇచ్చే పొడి) పాఠం వచ్చే వారానికి జరిగింది. ఇప్పుడే మోషన్లవుతున్న బిడ్డ ఉంటే దాని కోసం ఆగొద్దు. ఆశా అక్క దగ్గర ప్యాకెట్ తెచ్చి మొత్తం ఒకేసారి కలపండి, పెద్ద ప్యాకెట్‌కు 1 లీటరు నీళ్లు. తల్లిపాలు ఆపొద్దు. నెత్తురు పడినా, కళ్లు గుంటలు పడినా, ఏమీ తాగలేకపోయినా వెంటనే దవాఖానకు వెళ్లండి.

నర్సంపేట అక్క నీళ్లు కాచి రంజన్‌లో పోస్తున్నారట, గిలాస ముంచి తీస్తున్నారట. మసిలినప్పుడు క్రిములు చచ్చాయి, నిజమే. గిలాసతో పాటు నాలుగు వేళ్లు మునిగితే కొత్తవి దిగాయి. నల్లా నీళ్లలో ఉన్న కాస్త క్లోరిన్ కూడా కాచితే పోతుంది, ఇక వాటిని ఆపేదేమీ లేదు. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి, పొడుగు కాడ గరిటెతో తీయండి. నాకైతే నల్లా ఉన్న స్టీల్ డబ్బానే ఇష్టం. మా ఇంట్లో గరిటె రెండు రోజులు కూడా దాని కొక్కేనికి వేలాడలేదు.

చేతులు ఎప్పుడు కడగాలో మీకు తెలుసు, వదిలేస్తున్నా.

కానీ ఒక్క మాట వింటే ఒళ్లు మండుతుంది: "పాలు తాగే పోరి, దాని దొడ్డికి కూడా అంటు ఏంది?" మోషన్లు తెచ్చే రోటా వైరస్ ఎక్కువగా పట్టేదే ఆ ఈడు పిల్లల్ని. మోరీలో పారేస్తే ఈగ అక్కడ వాలి, ఆనక అన్నం మీద వాలుతుంది. వాకిట్లో మన్ను కప్పితే కోడి గీరి బయటకు లాగుతుంది, పాకే పిల్ల అదే మట్టి నోట్లో పెట్టుకుంటుంది. గోలెం పక్కన బట్ట జాడిస్తే ఆ చిందులు గోలెంలోకే. మలం లెట్రిన్‌లో వేయాలి, కడిగిన నీళ్లూ అక్కడే పోయాలి. డైపర్‌లోది లెట్రిన్‌లో దులిపాకే చెత్తలో వేయాలి. ముడ్డి కడిగింది అత్తమ్మ అయినా సబ్బు సబ్బే.

సాధన: రేపు పొద్దున్నుంచి పడుకునే దాకా, నీళ్ల గిన్నెలో ఎవరి వేలు మునిగినా పక్క గోడ మీద సుద్దతో ఒక గీత గీయండి. పక్కింటి పిల్లలవీ, మీవీ కలిపి. గోడ పాడవుతుందని మీ ఆయన అంటే ఆయన గీతలు వేరే లెక్కబెట్టండి.