ఆసుపత్రిలో ఎం అండ్ ఎం మీటింగ్ ఎలా నడపాలి?

ఆసుపత్రిలో వారానికి ఏదో ఒక మీటింగ్ ఉంటుంది. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు చేసుకునే హ్యాండోవర్, కొత్త పరిశోధన పత్రం చదివి చర్చించే జర్నల్ క్లబ్, క్యాన్సర్ రోగికి ఏ వైద్యం ముందో తేల్చే ట్యూమర్ బోర్డు, బయటి నిపుణులు వచ్చి పాఠం చెప్పే సీఎంఈ, ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఇలా ఒక్కోటి ఒక్కో పని కోసం పుట్టాయి. వీటిలో అన్నిటికంటే కష్టమైనది, సరిగ్గా నడిపితే ప్రాణాలు కాపాడేది ఎం అండ్ ఎం. అంటే మార్బిడిటీ అండ్ మోర్టాలిటీ మీటింగ్. రోగి చనిపోయినా, వైద్యంలో అనుకోని నష్టం జరిగినా ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం మార్చాలి అని కూర్చుని తేల్చుకునే సమావేశం.

దీని మూలం వందేళ్ల కిందటిది. ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే బోస్టన్ సర్జన్ ప్రతి రోగికీ చివరికి ఏమైందో రాసిపెట్టాలని పట్టుబట్టాడు. 1911 నుంచి 1916 వరకు తన ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన 337 మంది విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తనే అచ్చువేసి బయటపెట్టాడు. ఆ నిజాయితీని నెలకు ఒక గంట పనిగా మార్చుకోవడం ఎలాగో చూద్దాం.

1. ఏ కేసులు తీసుకోవాలి?

కేసులు ఎంచే పని డిపార్ట్‌మెంట్ ఇష్టానికి వదిలేస్తే అరుదైన జబ్బులు, అందమైన స్కాన్లు వస్తాయి. నేర్చుకోవాల్సినవి రావు. అందుకే ముందే ఒక జాబితా రాసిపెట్టుకోండి: ఆ నెలలో జరిగిన మరణాలు, అనుకోకుండా రెండోసారి ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లినవి, వార్డు నుంచి హఠాత్తుగా ఐసీయూకి మార్చినవి, డిశ్చార్జి అయిన 30 రోజుల్లో అదే సమస్యతో తిరిగి వచ్చినవి, మందు తప్పు ఇచ్చినవి. తృటిలో తప్పిన ప్రమాదాలు కూడా ఇందులో ఉండాలి. పేరు కలిసిన ఇద్దరు రోగుల్లో ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కించబోయి ఆఖరి క్షణంలో ఆగిన ఘటన, మరణమంత నేర్పుతుంది. పైగా దాని గురించి మాట్లాడటానికి ఎవరూ భయపడరు.

ఈ జాబితా నుంచి నెలకు రెండు కేసులు చాలు. ఆరు కేసులు పెట్టుకుంటే ఒక్కదాని మూలం దాకా కూడా వెళ్లలేరు.

రెండు రకాల ఘటనలను మాత్రం దీనితో కలపకండి. డ్యూటీలో తాగి ఉండటం, కావాలని చేసిన పని వంటివి విచారణకు వెళ్లాలి. ఇక గర్భిణి లేదా ప్రసవమై 42 రోజులలోపు ఉన్న తల్లి చనిపోతే ప్రభుత్వ మాతృ మరణ సమీక్ష పద్ధతి వేరే ఉంది. 24 గంటల్లో సమాచారం పంపాలి, జిల్లా స్థాయిలో కలెక్టర్ దాకా సమీక్ష వెళ్తుంది. మీ ఎం అండ్ ఎం దానికి బదులు కాదు.

2. మీటింగ్‌కి ముందు వారం

సగం పని ఇక్కడే ఉంది. కేస్ షీట్, డ్రగ్ చార్ట్, సిస్టర్ల నోట్స్, ల్యాబ్ రిపోర్టులు, ఫార్మసీ ఇండెంట్ (మందులు కావాలని రాసి పంపే చీటీ) అన్నీ పక్కపక్కన పెట్టుకుని గంటల వారీగా ఒక టైమ్‌లైన్ రాయండి. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. క్యాజువాల్టీ గోడ గడియారం, ల్యాబ్ కంప్యూటర్, ఈసీజీ కాగితంపై పడే టైమ్ ఒకదానితో ఒకటి కలవవు. ఈసీజీ మెషిన్ గడియారం అరగంట ముందు ఉంటే, ఈసీజీ తీశాక వచ్చిన గుండెనొప్పి ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. ముందు ఆ మెషిన్ల టైమ్ ఎంత తేడాగా ఉందో చూసి, సరిచేసి రాసుకోండి.

కేస్ షీట్‌లో ఒక్క అక్షరం కూడా దిద్దకండి. ఏదైనా రాయడం మర్చిపోయి ఉంటే, రాస్తున్న రోజు తేదీ, సమయం వేసి కొత్త ఎంట్రీగా రాయాలి. మీటింగ్‌లో చర్చించిన సంగతులు కేస్ షీట్‌లోకి వెళ్లకూడదు.

ఆ కేసులో ఉన్న వాళ్లందరితో విడివిడిగా, తలుపు వేసి మాట్లాడండి. డ్యూటీ డాక్టర్, స్టాఫ్ నర్స్, ల్యాబ్ టెక్నీషియన్, రోగిని తోసుకెళ్లిన వార్డ్ బాయ్ వరకు. తమ కేసు చర్చకు వస్తోందన్న విషయం వాళ్లు హాల్లో కూర్చున్నాకే తెలుసుకోవడం క్రూరం. రోగి పోయిన బాధ వాళ్లనూ నిద్రపోనివ్వదు. రెండు రోజుల ముందైనా చెప్పండి.

రోగి బంధువులకు ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత కూడా ఈ మీటింగ్ దాకా ఆగకూడదు. అది వైద్యం చేసిన డాక్టర్ వెంటనే చేయాల్సిన పని.

3. స్లైడ్లు

కేసుకి 6 నుంచి 8 స్లైడ్లు మించితే ఎక్కువ. రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), ఊరు ఉండకూడదు. డాక్టర్ల, సిస్టర్ల పేర్లూ వద్దు, ‘డ్యూటీ డాక్టర్’, ‘నైట్ సిస్టర్’ అంటే చాలు. ఎక్స్‌రే, సీటీ మూలన రోగి పేరు, వయసు ఉంటాయి. దానిమీద నల్ల పెట్టె అతికించి వదిలేయకండి, ఫైల్ తెరిచిన ఎవరైనా ఆ పెట్టెను పక్కకి జరిపి చదవొచ్చు. బొమ్మలో పేరున్న ఆ ముక్కను కత్తిరించేసి, సేవ్ చేసి, ఆ తర్వాతే స్లైడ్‌లో పెట్టండి. ఫైల్ వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకుండా ముందే కట్టడి చేయండి.

4. ఎప్పుడు, ఎవరితో?

మధ్యాహ్నం 2 గంటలకు నర్సింగ్ షిఫ్ట్ మారే ఆసుపత్రుల్లో 2:15 మంచి సమయం. ఓపీ రద్దీ తగ్గుతుంది, దిగే సిస్టర్లు, ఎక్కే సిస్టర్లు ఇద్దరూ దొరుకుతారు. డాక్టర్లు మాత్రమే కూర్చుంటే అది ఎం అండ్ ఎం కాదు. మందు ఎందుకు రాలేదో ఫార్మసిస్టుకి తెలుసు, మానిటర్ ఎందుకు మోగలేదో బయోమెడికల్ ఇంజనీరుకి తెలుసు.

నడిపించే వ్యక్తి ఆ కేసుతో సంబంధం లేనివారై ఉండాలి, సాధ్యమైతే వేరే డిపార్ట్‌మెంట్ నుంచి రావాలి. హెచ్‌ఓడీలు (డిపార్ట్‌మెంట్ అధిపతులు) కుర్చీలో ఉండొచ్చు, మొదట మాట్లాడకూడదు. పెద్దాయన ఒకసారి ‘నేనైతే ఇలా చేసేవాణ్ని’ అన్నాక హౌస్ సర్జన్ (శిక్షణలో ఉన్న కొత్త డాక్టర్) నోరు విప్పడు. అందుకే వరుస కిందినుంచి మొదలవ్వాలి: సిస్టర్, హౌస్ సర్జన్, పీజీ, ఆ తర్వాతే సీనియర్లు.

5. ఆ గంటలో

మొదటి 5 నిమిషాలు పోయిన నెల నిర్ణయాలు ఏమయ్యాయో చూడండి. తర్వాత ఒక్కో కేసుకి 25 నిమిషాలు: 8 చెప్పడానికి, 12 చర్చకు, 5 నిర్ణయానికి. ఆఖరి 5 నిమిషాల్లో నిర్ణయాలను గట్టిగా చదివి వినిపించండి. చెప్పడం 8 నిమిషాలు దాటితే ఆపేయండి. జబ్బు మీద పాఠం మొదలైందంటే అసలు ప్రశ్న జారిపోయినట్టే.

ఉదాహరణకి ఇలాంటి కేసు అనుకోండి. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకిన రోగి 10:10కి క్యాజువాల్టీకి వచ్చాడు. 10:25కి బీపీ 80/50. 10:40కి యాంటీబయాటిక్ రాశారు. మొదటి డోసు పడింది 1:15కి. షాక్‌లో ఉన్న ఇలాంటి రోగికి గంటలోపు పడాలి. హాల్లో ముందుగా వచ్చే ప్రశ్న: ‘సిస్టర్ ఎందుకు ఇవ్వలేదు?’ దానికి ఒకే జవాబు ఉంటుంది, తల దించుకోవడం. ప్రశ్నను తిప్పండి: ‘రాసిన మందు రోగి చేతి నరంలోకి వెళ్లాలంటే ఏమేం జరగాలి? ఏ మెట్టు దగ్గర ఆగింది?’

అప్పుడు అసలు కథ బయటికొస్తుంది. మందు క్యాజువాల్టీలో లేదు. ఎందుకు లేదు? అక్కడి ఎమర్జెన్సీ స్టాక్ లిస్టులో అది లేదు. ఎందుకు? లిస్టు రాసిన రోజుల్లో ఆ మందు వాడకంలో లేదు, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. ఎందుకు మార్చలేదు? మార్చాల్సింది ఎవరో ఎక్కడా రాసి లేదు. ఈలోగా రోగి కొడుకు చీటీ పట్టుకుని బిల్లింగ్ కౌంటర్ లైన్లో నిలబడ్డాడు. ఇంత తెలిశాక సిస్టర్‌ని తిట్టాలని ఎవరికీ అనిపించదు.

ఫలితం తెలిశాక ప్రతిదీ ముందే కనిపించాల్సిందని అనిపిస్తుంది. కాబట్టి నడిపించేవారు మధ్యమధ్యలో అడుగుతూ ఉండాలి: ‘10:25కి ఆ డాక్టర్ ముందు ఉన్న సమాచారం ఏమిటి? ఎంతమంది రోగులను చూస్తున్నారు?’

6. నిర్ణయం ఎలా రాయాలి?

‘అందరూ జాగ్రత్తగా ఉండాలి’, ‘స్టాఫ్‌కి మళ్లీ ట్రైనింగ్ ఇవ్వాలి’ అని రాసిన మినిట్స్ (మీటింగ్ నిర్ణయాల నోట్స్) చాలాచోట్ల కనిపిస్తాయి. అవి బలహీనమైన నిర్ణయాలు. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడనిదే బలమైన నిర్ణయం. పొటాషియం క్లోరైడ్ ఇంజక్షన్ సంగతి చూడండి. 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌ని కలపకుండా నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. వార్డులో ‘జాగ్రత్త’ అని బోర్డు పెట్టడం బలహీనం. మామూలు వార్డుల నుంచి ఆ ఆంప్యూళ్లను తీసేయడం బలమైనది.

ఒక్క పేజీలో నాలుగు గడులు గీయండి: సమస్య, చేయాల్సిన పని, చేసే వ్యక్తి, తేదీ. మూడో గడిలో ‘నర్సింగ్ విభాగం’ అని రాస్తే అది ఎవరిదీ కాదు, ఒక మనిషి పేరుండాలి. పై కేసుకైతే: స్టాక్ లిస్టులో మూడు యాంటీబయాటిక్‌లు చేర్చడం, బిల్లు తర్వాత కట్టేలా మొదటి డోసు ఇవ్వడం, 30 రోజుల తర్వాత అలాంటి 10 కేస్ షీట్లు తీసి రాసిన సమయానికి, ఇచ్చిన సమయానికి తేడా చూడటం. ఈ మూడోది లేకపోతే మార్పు వచ్చిందో లేదో చెప్పలేరు. రెండు నెలలు గడిచినా కదలని పని ఉంటే దాన్ని సూపరింటెండెంట్ దగ్గరికి పంపండి. చాలాసార్లు అది డబ్బు లేదా సిబ్బంది కొరత వల్ల ఆగి ఉంటుంది, అది వార్డు సిస్టర్ తీర్చగలిగేది కాదు.

ఈ మీటింగ్‌కి నైట్ డ్యూటీ వాళ్లు దాదాపు ఎప్పుడూ రాలేరు. అందుకే కొత్త నిర్ణయాన్ని రెండు వాక్యాల్లో రాసి, వారం రోజుల పాటు ప్రతి హ్యాండోవర్‌లో మొదట దాన్నే చదివించండి.