అరకు ఘాట్‌లో వాంతులు ఇలా ఆగాయి

విశాఖ నుంచి అరకు వెళ్తుంటే శృంగవరపుకోట దాటి మలుపులు మొదలవగానే నాకు కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. నిమ్మకాయ వాసన, అల్లం మురబ్బా, ఖాళీ కడుపు... ఏదీ పనిచేయలేదు.

ఈసారి డాక్టర్‌ని అడిగి, బస్సెక్కడానికి గంటన్నర ముందే ప్రొమెథజైన్ మాత్ర వేసుకున్నాను. వికారం మొదలయ్యాక వేసుకుంటే అదీ వాంతిలోనే పోతుంది. తర్వాత రెండు ఇడ్లీలు, నూనె వస్తువులేవీ లేకుండా. కూర్చున్నది ముందు సీట్లో. అసలు కీలకం ఇక్కడే అనిపిస్తోంది: ఫోన్ సంచిలో పడేసి, చూపు దూరంగా రోడ్డు మీదే పెట్టాను. తల వంచి ఫోన్ చూస్తే కళ్ళకు కదలిక తెలియదు, లోపలి చెవికి మాత్రం ప్రతి మలుపూ తెలుస్తుంది. ఆ తేడాకే వికారం. అనంతగిరి దాటినా ఏమీ కాలేదు!

మాత్ర పనిచేసిందో, సీటు పనిచేసిందో విడదీసి చెప్పలేను. మత్తు మాత్రం బాగా వచ్చింది. బండి నడిపేవాళ్ళు వేసుకోవద్దు, రెండేళ్ళలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు.