ఘాటీ ఎక్కినా కారని పెన్ను

నేను ఒడిశాలోని జయపురంలో రైస్ మిల్లు లెక్కలు రాస్తాను. ఓసారి సాలూరులో పెళ్లి చూసుకుని బస్సులో తిరిగొస్తుంటే, సుంకి ఘాటీ (కొండ మీది ఘాట్ రోడ్డు) దాటేసరికి చొక్కా జేబంతా నీలం. జేబులో ఉన్నది డ్రాపర్‌తో ఇంకు పోసుకునే పెన్ను, అదీ సగం ఖాళీ. దారిలోని కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి, పెన్నులోని గాలి ఉబ్బి ఇంకును పాళీలోంచి తోసేస్తుంది. అప్పట్నుంచి నాది వాక్యూమ్ ఫిల్లరే, అంటే లోపల శూన్యం ఏర్పరచి ఇంకును పీల్చుకునే పెన్ను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. డి లా రూ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల ఓనోటో పెన్ను 1905లోనే ఇలా నిండేది. ఇప్పుడు ఈ రకంలో పైలట్ కస్టమ్ 823, ట్విస్బీ వ్యాక్ 700ఆర్ పెన్నులు దొరుకుతున్నాయి.

నింపేటప్పుడు పెన్ను వెనకున్న మరను విప్పి, దానికున్న కడ్డీని పూర్తిగా బయటికి లాగండి. పాళీ మొత్తం, దాని మొదలు దాకా ఇంకులో మునగాలి. పైపైన ముంచితే గాలే లోపలికి పోతుంది. ఇప్పుడు కడ్డీని ఆపకుండా ఒక్క ఊపున నొక్కండి. కడ్డీ కొసనున్న రబ్బరు వెనక శూన్యం ఏర్పడుతూ వస్తుంది, చేతికి బిగువు తెలుస్తుంది. చివర్లో గొట్టం వెడల్పయ్యే చోట రబ్బరు పట్టు వదలగానే ఇంకు గుళుక్కున పైకి ఎగబాకుతుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. వెంటనే పైకి తీయకండి, పది లెక్కపెట్టండి.

ఒక్కసారికి గొట్టం పూర్తిగా నిండదు. పాళీని పైకి పట్టి, కడ్డీని మళ్లీ లాగి, మెల్లగా నొక్కుతూ గాలిని వదిలేయండి. పాళీ దగ్గర ఇంకు కనబడగానే ఆపి, బుడ్డిలో ముంచి మిగతా నొక్కు పూర్తి చేయండి. సుమారు 2 మిల్లీలీటర్లు పడుతుంది. మామూలు చిన్న కార్ట్రిడ్జ్‌లో (ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టంలో) 0.8 మాత్రమే.

ఇక అసలు సంగతి. మర బిగించి ఉంటే ఆ రబ్బరే గొట్టంలోని ఇంకు పాళీకి చేరకుండా అడ్డుకుంటుంది. ఘాటీ ఎక్కేముందు బిగించండి. ఒకటి రెండు పేజీలకు పాళీ దగ్గరున్న ఇంకు చాలు. మా నెలాఖరు లెక్కల్లా గంటలు రాయాలంటే మరను రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేయండి. లేకపోతే రాత సన్నబడి మధ్యలో ఆగిపోతుంది. పెన్ను పాడైందేమోనని మొదట్లో నేను చాలా టెన్షన్ పడ్డాను.

కడిగేందుకు చల్లని నీళ్లే వాడండి, వేడినీళ్లు వద్దు. కడ్డీ పట్టేసినట్టు అనిపిస్తే రబ్బరుకు ఆవగింజంత సిలికాన్ గ్రీజు రాయండి. మెరుపు రేణువుల ఇంకులు ఇందులో పోయకండి, మూలల్లో పేరుకున్న రేణువుల్ని కడగడం చాలా కష్టం.