నగరంలో ఇంటి అద్దె మన స్తోమతకు తగినదో కాదో ఎలా లెక్కించాలి?

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలోనే ఉంటున్నాయి. అద్దెలు పెరిగాయని వీరిలో ఎవరిని అడిగినా చెబుతారు గాని, ఆ భారం ఎంతో తేల్చాలంటే కాస్త పద్ధతిగా లెక్క కట్టాలి.

1. ముందుగా రెండు రకాల అద్దెలను విడదీయండి. టు-లెట్ బోర్డు చూసి వెళ్లినప్పుడు యజమాని అడిగే అద్దె వేరు, అదే భవనంలో నాలుగేళ్లుగా ఉంటున్నవారు కడుతున్న అద్దె వేరు. గిరాకీ పెరగగానే మొదటిది ఎగబాకుతుంది. రెండోది ఒప్పందం తిరగరాసినప్పుడే కదులుతుంది. కాబట్టి ప్రకటనలను మాత్రమే చూస్తే పెరుగుదల ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

2. ఒకే ప్రాంతంలో, ఒకే విస్తీర్ణం గల ఇళ్లకు గత కొన్నేళ్లలో ఉన్న అద్దెలను సేకరించి, ఆ పెరుగుదలను మీ జీతం పెరిగిన తీరుతో పోల్చండి.

3. అద్దెతో పాటు వచ్చే ఖర్చులను కలపండి. అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. నెలకు 15,000 రూపాయల అద్దె, పది నెలల అడ్వాన్సు, 2,000 మెయింటెనెన్సు, ఒక నెల అద్దె బ్రోకరు కమీషను అనుకుందాం. అడ్వాన్సుగా ఇచ్చిన 1,50,000 రూపాయలకు 6 శాతం చొప్పున వదులుకున్న వడ్డీ నెలకు 750 అవుతుంది. కమీషనును 11 నెలల ఒప్పంద కాలానికి పంచితే నెలకు 1,364 పడుతుంది. అంటే నిజానికి ఆ ఇంటికి మీరు కడుతున్నది దాదాపు 19,100 రూపాయలు. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం సూచించింది గాని, రాష్ట్రం దానిని స్వీకరించి చట్టం చేస్తే తప్ప అది యజమానిని కట్టడి చేయదు.

4. అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదన్న సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. అది అమెరికా ప్రభుత్వ గృహాల అద్దె నిబంధనల నుంచి వచ్చింది. అక్కడ 1969లో 25 శాతంగా ఉన్న పరిమితిని 1981లో 30 శాతానికి పెంచారు. నెలకు 20,000 సంపాదించే కుటుంబం 6,000 అద్దె కడితే సూత్రం ప్రకారం అంతా సవ్యమే, కానీ మిగిలిన 14,000తో నలుగురి తిండి, చదువు, వైద్యం గడవాలి. లక్ష సంపాదించేవారు 40,000 కట్టినా చేతిలో 60,000 ఉంటాయి. అందుకే అద్దె పోగా ఎంత మిగులుతుందో చూడటమే సరైన కొలత.

5. ఊరి చివరికి మారితే ఆదా అయ్యే అద్దె నుంచి, అదనంగా పడే ప్రయాణ ఖర్చును తీసివేయండి.

6. ఖాళీ ఇళ్లు కనిపిస్తున్నాయని అద్దె దిగివస్తుందని ఎదురుచూడకండి. 2011లో దేశంలోని పట్టణాల్లో దాదాపు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఇంటి విలువతో పోలిస్తే అద్దె రాబడి తక్కువ కావడం, అద్దెకు దిగినవారు ఖాళీ చేయరేమోనన్న భయం వల్ల చాలామంది యజమానులు తాళం వేసి ఉంచడానికే మొగ్గు చూపుతారు.