కారు వేగం 90 కి.మీ. దాటగానే అదురు: ఆల్ఫా జీటీవీలో ఎక్కడ వెతకాలి, ఫుల్వియాలో ఎక్కడ

మొట్టమొదట చూడాల్సింది చక్రాలు. ఎన్నిసార్లు చెప్పినా ఇది వదిలేసి నేరుగా కారు కిందికి దూరేవాళ్లే ఎక్కువ. నెలల తరబడి నిలిపి ఉంచిన కారుకి టైర్లు నేలకానిన చోట చదునవుతాయి. గాలి చూసి, వీల్ నట్లు బిగించి, నాలుగు చక్రాలూ బ్యాలెన్స్ చేయించండి.

అప్పటికీ తగ్గకపోతే, అదిరే వేగంలోనే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి కారుని దొర్లనివ్వండి. అదురు టక్కున ఆగితే ఇంజిన్ మౌంటింగో, లోడు మీదే మొరాయించే జాయింటో. ఆగలేదంటే చక్రాలతో పాటు తిరిగేదేదో తేడాగా ఉంది.

లాన్సియా ఫుల్వియా కూపేలో వీ4 ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది, ఇంజిన్ శక్తిని వెనక చక్రాల దాకా మోసుకెళ్లే పొడవాటి కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ గొడవే లేదు. యాక్సిలరేటర్ తొక్కితే అదిరి, వదిలితే తగ్గుతుంటే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల లోపలి జాయింట్లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకలాడితే బయటివి. జాయింట్ల మీది రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూస్తే సగం తేలిపోతుంది.

ఆల్ఫా రోమియో 1750 జీటీవీలో ఇంజిన్ ముందు, తిరిగేవి వెనక చక్రాలు, మధ్యలో రెండు ముక్కల షాఫ్ట్. గంటకు 100 కి.మీ. దగ్గర చక్రం సెకనుకు 14 చుట్లు తిరిగితే, 4.1 డిఫరెన్షియల్‌తో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ 4.1 చుట్లు) షాఫ్ట్ 58 దాకా తిరుగుతుంది. అందుకే ముందు చక్రంలో తేడా ఉంటే స్టీరింగ్ ఊగుతుంది, షాఫ్ట్‌లో ఉంటే సీటు కింద సన్నగా జుమ్మంటుంది.

జుమ్మనగానే అందరి చూపూ గేర్‌బాక్స్ వెనకున్న రబ్బరు కప్లింగ్ మీదే. దాని పగుళ్లు మామూలుగా కనబడవు. గేర్‌లో ఉంచి షాఫ్ట్‌ని చేత్తో మెలిపెడితే నోరు తెరుస్తాయి. కొత్తది ఇనుప పట్టీతో వస్తే, బోల్టులన్నీ బిగించాకే పట్టీ కత్తిరించండి. బోల్టు కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి, లేదంటే రబ్బరు మెలిపడిపోతుంది.

కప్లింగ్ మార్చినా, షాఫ్ట్‌ని మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగ్ మార్చినా అదురు పోలేదా? లేక బేరింగ్ మార్చాకే మొదలైందా? అసలు దొంగ స్ప్లైన్, అంటే షాఫ్ట్ రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ల అతుకు. బేరింగ్ కోసం షాఫ్ట్‌ని అక్కడ విడదీస్తారు, గుర్తు పెట్టుకోరు. తిరిగి దూర్చేటప్పుడు ఏ పన్నులోనైనా హాయిగా కూర్చుంటుంది, తప్పు జరిగినట్టు చేతికి తెలియదు. రెండు ముక్కలూ కలిపి చేసిన బ్యాలెన్స్ మాత్రం పోతుంది. మడ్డి గీకి పాత గుర్తుల కోసం చూడండి. దొరికితే వాటిని ఎదురెదురుగా పెట్టండి. దొరకకపోతే విడదీసి 180 డిగ్రీలు తిప్పి దూర్చి నడపండి. అదురు తగ్గిందా, సుత్తి, సెంటర్ పంచ్‌తో అక్కడే రెండు ముక్కల మీదా చుక్క కొట్టండి. తగ్గకపోతే మొత్తం షాఫ్ట్‌ని ఒకే ముక్కగా బ్యాలెన్సింగ్‌కి పంపండి, విడదీసి కాదు.

వంగిన షాఫ్ట్ గొట్టం, డిఫరెన్షియల్‌లోని పినియన్ బేరింగ్ లాంటివి అరుదు. ఇవన్నీ అయ్యాక చూడొచ్చు.