పాట రికార్డింగులో టప్ టప్ శబ్దాలు వస్తున్నాయా?

మే నెలలో కడపలో ఇంట్లో పాట రికార్డు చేయాలంటే ముందు ఫ్యాను ఆపాలి. లేకుంటే మైకులో గొంతు కన్నా అదే బాగా పడుతుంది. మూసిన గదిలో మనతో పాటు ల్యాప్‌టాప్ కూడా ఉడుకుతుంది. వేడి మితిమీరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇక చరణం మధ్యలో టప్ టప్‌మని శబ్దాలు, అక్కడక్కడా ఖాళీలు. నేను కేబుల్ మార్చాను, మైకును తిట్టాను. తప్పు వాటిది కాదు.

ముందు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్ సైజు చూడండి, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క ఎంతో చెప్పే అంకె. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో) 44,100 ఉన్నప్పుడు బఫర్ 128 అంటే కంప్యూటర్‌కు ఒక్కో విడతకు దొరికే సమయం 3 మిల్లీసెకన్ల లోపే. 512 పెడితే దాదాపు 12, కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, టప్ టప్‌లు తగ్గుతాయి. అయితే హెడ్‌ఫోన్‌లో మన గొంతు ఆలస్యంగా వినబడి తాళం తప్పుతాం. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే నొక్కండి, గొంతు నేరుగా చెవికి చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ (మన గొంతును తిరిగి మనకే వినిపించడం) ఆపేయడం మరవద్దు, లేకుంటే రెండుసార్లు వినిపిస్తుంది.

వైఫై ఆపడం, చార్జర్ పెట్టి ఉంచడం, యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా గుచ్చడం మామూలే. ల్యాప్‌టాప్ కింద గాలి ఆడేలా రెండు చెక్కముక్కలు పెట్టండి, పరుపు మీద మాత్రం వద్దు. నేనైతే తెల్లవారుజామున 5కే కూర్చుంటా. అప్పుడు రోడ్డు మీద హారన్ల గోల కూడా ఉండదు.