2021 జూన్ ముచ్చట: కరోనా టీకా రెండో డోసు లేటైతుందని పరేషాన్ అయితున్నరా? ఎప్పుడు పోవాలె, ఏం చూస్కోవాలె

వరంగల్, హన్మకొండ, కాజీపేటల ఎవలు కలిసినా, అటు నర్సంపేట పరకాల దిక్కు ఊర్లళ్ల కూడా ఇప్పుడు ఒక్కటే ముచ్చట నడుస్తుంది. మొదటి డోసు ఏసిండ్రు, మళ్ల రమ్మన్న తారీకు మార్చిండ్రు, గింత లేటైతే ఏసుకున్నది ఖరాబ్ గాదా అని. జనం అడుగుడుల తప్పేం లేదు. జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు 28 రోజులకు రమ్మన్నరు, మార్చి 22న కోవిషీల్డ్‌కు 6 నుంచి 8 వారాల మధ్యల అయితే మంచిదన్నరు, మే 13న 12 నుంచి 16 వారాలు అన్నరు. నాలుగు నెలల్ల మూడు మాటలు చెప్తే ఎవలికైనా డౌట్ వస్తది. నేను ఇది 2021 జూన్ నెలాఖరుల రాస్తున్న, ఇండ్ల చెప్పిన రూల్సు, రేట్లు, తారీకులు అన్నీ అప్పుడు ఉన్నయే, రేపు రూల్ మళ్ల మారితే ఆశమ్మనో ఏఎన్ఎమ్మునో అడిగి కొత్త తారీకు పట్టుకోండ్రి.

ముందుగాల మీరు ఏ టీకా ఏసుకున్నరో చూడుండ్రి. ఇది చిన్న పనే గానీ సగం లొల్లి ఈడనే ఉంది, మస్తు మందికి "కరోనా సూది" అనే తెలుసు గానీ పేరు తెల్వదు. కోవిన్ అనే సర్కారు టీకా వెబ్‌సైట్ల మీ ఫోన్ నంబరు కొడితే ఓటీపీ వస్తది, లోపల సర్టిఫికెట్ ఉంటది, అండ్ల టీకా పేరు, ఏసిన తారీకు, బ్యాచ్ నంబరు అన్నీ ఉంటయి. 12 వారాల ముచ్చట కోవిషీల్డ్‌కు మాత్రమే. కోవాగ్జిన్‌కు ఏం మారలే, 28 రోజుల నుంచి 42 రోజుల లోపల్నే ఏసుకోవాలె. స్పుత్నిక్ అయితే 21 రోజులకు. పక్కింటాయన మూడు నెలలు ఆగుతుండని కోవాగ్జిన్ ఏసుకున్నోళ్లు కూడా ఇంట్ల కూసుంటున్నరు, గట్ల చెయ్యకుండ్రి. ఇంకోటి, మార్చి ఏప్రిల్‌ల ఏసుకున్నోళ్ల కాయితాల మీద పాత లెక్క తారీకే ఉండొచ్చు, అది చూసి దవాఖానకు పోతే వాపస్ పంపుతున్నరు.

తారీకు లెక్క చాలా ఈజీ. 12 వారాలంటే 84 రోజులు, అంటే ఏ వారం ఏసుకున్నరో అదే వారం వస్తది, క్యాలెండర్‌ల 12 గడులు కిందికి దిగితే అయిపాయె. ఏప్రిల్ 5 సోమవారం ఏసుకున్నోళ్లకు జూన్ 28 సోమవారానికి 84 రోజులు నిండుతయి, 16 వారాలు జులై 26కు అయితయి. మే 28న సూపర్ స్ప్రెడర్ల డ్రైవ్‌ల, అంటే రోజూ మస్తు మందిని కలిసేటోళ్లకు టీకాలేసిన కార్యక్రమంల, కోవిషీల్డ్ ఏసుకున్న రేషన్ డీలర్లు, గ్యాస్ బండ్లోళ్లు, కూరగాయలమ్మేటోళ్లకు ఆగస్టు 20 శుక్రవారం అయితది. గీ తారీకు ఇంట్ల క్యాలెండర్ మీద పెన్నుతోటి రౌండ్ కొట్టుకోండ్రి, ఫోన్‌ల పెట్టుకుంటే ఆ ఫోన్ పిల్లల చేతిల ఉంటది.

ఇగ అసలు అనుమానం. స్టాకు లేకనే గ్యాప్ పెంచిండ్రు, సైన్సు గీన్సు ఉత్తదే అని చానామంది అంటున్నరు. నా లెక్క ప్రకారం రెండూ నిజమే. మే నెలల టీకాల కోసం ఎంత కష్టమైందో మనం కండ్లార చూసినం, మన రాష్ట్రంల కొన్ని రోజులు టీకాలేసుడే ఆపిండ్రు. గానీ గ్యాప్ పెంచుడు గాలిల కెళ్లి రాలే. ఇదే కోవిషీల్డ్ రకం టీకా మీద బ్రిటన్, బ్రెజిల్, సౌతాఫ్రికాల ట్రయల్స్ జరిగినయి, రెండు డోసుల నడుమ 6 వారాల కన్న తక్కువ ఉన్నోళ్లల్ల 55 శాతం పనిచేసింది, 12 వారాలు గానీ అంతకన్న ఎక్కువ గానీ ఉన్నోళ్లల్ల 81 శాతం. బ్రిటన్ అయితే 2020 డిసెంబర్లనే 12 వారాలు చేసింది, తక్కువ టీకాలతోటి ఎక్కువ మందికి మొదటి డోసు అందాలె అని ఓపెన్‌గనే చెప్పింది. మనోళ్లు కూడా గట్లనే స్టాకు ముచ్చట సాఫ్‌గ చెప్పి ఉంటే ఇంత గుసగుస ఉండకపోతుండె. టీకాల మీద కేంద్రానికి సలహా ఇచ్చే కమిటీల ఉన్న సైంటిస్టులే కొందరు మేం 8 నుంచి 12 వారాలకే ఒప్పుకున్నం, 16 దాక మేం చెప్పలే అని ఈ నెలల్నే బయటికొచ్చి అన్నరు. డబ్ల్యూహెచ్‌వో చెప్పేది కూడా 8 నుంచి 12 వారాలే.

అందుకే నేనైతే ఇట్ల చెప్త: 12 వారాలు ఆగుడుకు భయపడకుండ్రి, గానీ 16 దాక టైం ఉంది గదా అని సాగదియ్యకుండ్రి. ఎందుకంటే ఈ 2021 జూన్‌ల తిరుగుతున్నది డెల్టా అనే కరోనా కొత్త రకం. బ్రిటన్ల లెక్కలు చూస్తే డెల్టా మీద ఒక్క డోసు 33 శాతమే ఆపుతుంది, మన కోవిషీల్డ్ లాంటి టీకా రెండు డోసులైతే 60. దవాఖానల పడకుండ కాపాడుడుల మాత్రం ఒక్క డోసుకే 71 శాతం, రెండైతే 92. అంటే మొదటి డోసు ఉత్తగ పోలే, గానీ అది ఒక్కటే సరిపోదు. డెల్టాను చూసే బ్రిటనోళ్లు 50 ఏండ్లు దాటినోళ్లకు మళ్ల 8 వారాలకు దించిండ్రు. మన దగ్గర ఈ 2021 జూన్‌ల 84 రోజుల కన్న ముందు వెయ్యరు కాబట్టి, 84 నిండిన వారంలనే పోవాలె, అంతకు మించి ఆగుడెందుకు?

మా పెద్దబాపుకు ఇది సమజ్ చేసేవరకు నాకు తలప్రాణం తోకకొచ్చింది. పొద్దుగాల ఆరింటికే బస్సెక్కి సెంటర్‌కు పోయిండు, పదకొండింటి దాక లైన్ల నిలబెట్టి, ఆధార్ కార్డు చూసి "నీకింక టైం కాలే తాతా, ఆగస్టుల రా" అన్నరట, ఎందుకో ఒక్క ముక్క చెప్పలే. ఇంటికొచ్చి మంచంల కూసోని "ఏందిరా, మొదటిది ఇంక ఏడ పనిచేస్తది, మళ్ల మొదటి సంది ఎయ్యాల్నా? ఇగ నేను పోను" అని మొండికేసిండు. పెద్దబాపూ, నాటేసినంక రెండో దఫా యూరియా వారం లేటైతే మడి మొత్తం దున్నేసి మళ్ల నాటేస్తవా అని అడిగిన. నవ్విండు గానీ, "అయితే యూరియా ఎయ్యకుంటే పంట రాదు గదా" అని నాకే తిప్పికొట్టిండు. గదే కావాల్సింది. లేటైనంత మాత్రాన మళ్ల మొదటి నుంచి మొదలు పెట్టుడు ఉండదు, మొదటి డోసుకు ఒంట్ల తయారైన జ్ఞాపకం అట్లనే ఉంటది, 16 వారాలు దాటినా సరే రెండోది ఏసుకుంటే కోర్సు పూర్తయినట్టే. కోవాగ్జిన్ 42 రోజులు దాటినా అంతే, మళ్ల ఒకటి నుంచి కాదు, దొరికిన రోజే పోయి ఏసుకోవాలె.

నడుమల కరోనా వచ్చిపోయినోళ్ల లెక్క వేరే. మొదటి డోసు అయినంక పాజిటివ్ వస్తే, తక్కువైన రోజు నుంచి 3 నెలలు ఆగి రెండోది ఏసుకోవాలె, మే నెలల్నే కేంద్రం చెప్పింది. ప్లాస్మా ఎక్కించుకున్నోళ్లు డిశ్చార్జ్ అయిన కాడ్నుంచి 3 నెలలు లెక్కబెట్టాలె. ఇంకేదన్న పెద్ద బీమారితోటి అడ్మిట్ అయి వస్తే 4 నుంచి 8 వారాలు. పిల్లకు పాలిచ్చే తల్లులు ఆగే పనే లేదు. యాంటీబాడీ టెస్ట్ చేపిచ్చుకోని నంబరు తక్కువొచ్చిందని ఏడుస్తున్నరు కొందరు, ల్యాబులోళ్లకు పైసలు దండుగ, ఆ నంబరు చూసి రెండో డోసు తారీకు ఎవలూ మార్చరు.

సెంటర్‌కు పొయ్యేటప్పుడు మొదటిసారి ఇచ్చిన ఫోన్ నంబరే, అదే ఐడీ కార్డే పట్టుకపోవాలె. ఇది మాత్రం గట్టిగ చెప్తున్న. మొదటిసారి కొడుకు నంబరిచ్చి ఇప్పుడు అల్లుని నంబరిస్తే కంప్యూటర్‌ల కొత్త మనిషి లెక్క పడ్తది, రెండు సూదులైనా చేతిల రెండు "మొదటి డోసు" సర్టిఫికెట్లు వస్తయి, అది సరిచేసుకునేటందుకు తిరగాల్సొస్తది. ఒక్క నంబరు మీద నలుగురి దాక ఎక్కొచ్చు కాబట్టి ఇంట్లోళ్లందరిదీ ఎవల నంబరు మీద ఉందో ముందే అడిగి పెట్టుకోండ్రి. లోపలికి పోయినంక సిస్టర్‌ను "ఏ టీకా అమ్మా" అని అడగండ్రి, సీసా మీద పేరు చూపియ్యమనండ్రి, అడిగితే ఎవలూ ఏమనరు. మొదటిది ఏదో రెండోది అదే. పేరు, పుట్టిన సంవత్సరం తప్పు పడితే కోవిన్‌లనే సరిచేసుకునే ఆప్షన్ ఈ నెలల పెట్టిండ్రు. సర్కారు దవాఖానల దొరకకుంటే ప్రైవేటుల ఏసుకోవచ్చు, టీకా ఒక్కటే అయితే చాలు. అక్కడ కోవిషీల్డ్‌కు 780 రూపాయలు, కోవాగ్జిన్‌కు 1,410 కన్న ఎక్కువ తీస్కోవద్దని 2021 జూన్‌ల రేటు కట్టిండ్రు, ఎక్కువడిగితే బిల్లు రాసియ్యమనండ్రి.

చదువుకో కొలువుకో బయటి దేశం పొయ్యేటోళ్లకు 84 రోజుల రూల్ లేదు, 28 రోజులు నిండితే కోవిషీల్డ్ రెండో డోసు వేస్తరు, 2021 ఆగస్టు 31 లోపల ప్రయాణం ఉన్నోళ్లకు. జిల్లాల దీనికి ఒక అధికారిని పెడ్తరు, అడ్మిషన్ లెటరో ఆఫర్ లెటరో చూపియ్యాలె, సర్టిఫికెట్ మీద పాస్‌పోర్ట్ నంబరు ఎక్కిందో లేదో అక్కడ్నే చూస్కోండ్రి.

ఊర్ల ముసలోళ్లు ఉన్నోళ్లు ఒక్క పని చెయ్యండ్రి, అవ్వకో బాపుకో ఫోన్ చేసి "జాగ్రత్త" అని పెట్టేసుడు కాదు, వాళ్ల తారీకు లెక్కబెట్టి ఆశమ్మకు ఫోన్ చేసి చెప్పుండ్రి, ఆ దినం బండి మీద ఎవలు తీస్కపోతరో కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుండ్రి. నాట్లు మొదలైతే ఎవలూ దొరకరు. అప్పటిదాక మాస్కు మాస్కే, ఒక్క డోసైంది గదా అని పెండ్లిళ్లకు ఉరుకుడు వద్దు. డౌట్ ఉంటే 104కు కొట్టుండ్రి, లేకపోతే 1075.